గోడలెక్కిన ముఖం

“చచ్చాడో బతికాడో చెప్పమను. అప్పుడు చదువుతా.”

అత్తగారు ఆ కాగితం మడత కూడా విప్పలేదు. మంచం చివర పడేసి, దాని మీద కళ్లజోడు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దకొడుకు తన భార్య వంక చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. కోడలు ముఖం తిప్పేసుకుంది. మూడు రోజులుగా అన్నీ చెప్పడం తన వంతే అవుతోంది. రెండు ముద్దలు తినమని చెప్పాలి, కాసేపు నడుం వాల్చమని చెప్పాలి, వాకిట్లో బడిపిల్లలు సెల్యూట్ కొడుతుంటే ఒకసారి బయటికొచ్చి కనిపించమని చెప్పాలి. ఈ కాగితం సంగతి మాత్రం తను చెప్పదు. చచ్చినా చెప్పదు.

“నాలుగు ముక్కలేనమ్మా. రేపు మైకు ముందు నిలబడి చదివేస్తే అయిపోతుంది. మంత్రిగారే స్వయంగా వస్తున్నారు.”

“ఎవరొస్తే నాకేంట్రా? ఆ సంచీ ఆయన వీరుడంటాడు. పేపరు వాడు వీరుడంటాడు. వీరుడంటే ఉన్నట్టా, పోయినట్టా?”

సంచీ ఆయన అంటే ప్రచారశాఖ అధికారి. భుజాన తోలుసంచీ లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కాబట్టి అత్తగారు ఆ పేరు ఖాయం చేసింది. గురువారం పొద్దున ఆయన ఈ మంచం ముందే కుర్చీ వేసుకుని కూర్చుని, సరిహద్దులో ఒక గుట్ట మీద పదకొండు మంది కుర్రాళ్లు శత్రువును ఆపేశారనీ, వాళ్లలో మీ చిన్నబ్బాయిదే ముందువరస అనీ, ఆదివారం సభలో వీరమాతగా మిమ్మల్ని సన్మానిస్తామనీ చెప్పాడు. మిగతా వివరాలు సభలోనే చెప్తారట. ఆయన మెట్లు దిగేలోపే ఊళ్లో ఉన్న గోడలన్నీ చిన్నోడి ముఖంతో నిండిపోయాయి. యూనిఫాం, పైకెత్తిన గడ్డం, ఎక్కడో దూరంగా చూస్తున్న కళ్లు. కింద పెద్ద పెద్ద అక్షరాలు: ‘అతను వెనక్కి తగ్గలేదు. మరి మీరు?’

బతికున్నవాణ్ణి అలా గోడలెక్కించడం ఎవరూ ఎరగరు. ఆ మాట ఇంట్లో ముగ్గురి మనసులోనూ ఉంది. ఒక్కరూ పైకి అనలేదు.

“గుట్ట మీద ఫోను లేదంటున్నారమ్మా. నన్నేం చెయ్యమంటావు?”

“అడగమంటున్నాను.”

“ఎవర్ని? ప్రభుత్వాన్నా? మనం ఓట్లేసి తెచ్చుకున్నవాళ్లేగా. మనకెందుకు అబద్ధం చెప్తారు?”

“ఓటేశాను కాబట్టే అడుగుతున్నా. వెయ్యకపోతే నోరు మూసుకుని ఉండేదాన్ని.”

 పెద్దకొడుకు చెప్పులు టపటపలాడించుకుంటూ కింద ఉన్న తమ ఫొటో స్టూడియోలోకి దిగిపోయాడు.

కోడలు ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడింది. ఈ మనిషికి ఏదో అయింది. తమ్ముడంటే ప్రాణం పెట్టేవాడు, కన్నీటి చుక్క రాల్చలేదు. వీధిలో పోస్టరు ఉన్న వైపు తలెత్తి చూడటం లేదు. ఫొటోలకు ఎవరొచ్చినా లైటు సరిగ్గా లేదని పంపించేస్తున్నాడు. దుఃఖం అయితే తనకు తెలుసు, దుఃఖానికి ఇంత దొంగచూపు ఉండదు.

* * *

స్టూడియో వీధి వైపే ఉంటుంది. తలుపు తీస్తే ఎదురుగా క్షవరాల షాపు. ఆ షాపాయన గురువారం మధ్యాహ్నమే అద్దం పక్కన పోస్టరు అంటించుకున్నాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లు ఒక కన్ను అద్దం మీద, ఒక కన్ను చిన్నోడి మీద వేసి, తమ గడ్డం కూడా కొంచెం పైకెత్తి చూసుకుంటున్నారు.

ఇందులో బలవంతం ఏమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. తుపాకీ పట్టుకుని ఎవరూ వీధిలోకి రాలేదు. హెడ్మాస్టరు తనంతట తనే పిల్లల్ని వరసకట్టించి ‘లెఫ్ట్ రైట్’ అంటూ ఇంటి ముందు నుంచి నడిపిస్తున్నాడు. కూరగాయలావిడ తనంతట తనే తన ఒక్కగానొక్క మనవడికి ఎప్పుడు పద్దెనిమిది నిండుతాయా అని వేళ్ల మీద చూసుకుంటోంది. ఒక పేపరు లోపలి పేజీలో ‘అసలు గుట్ట మీద ఏం జరిగింది?’ అని చిన్న అక్షరాలతో అడిగింది కూడా. అడగనిచ్చారు. క్షవరాల షాపాయన ఆ పేజీని కత్తికంటిన నురగ తుడవడానికి వాడాడు.

“అమ్మాయ్,” అని కిందికి దిగొచ్చిన కోడల్ని ఎదుటి గుమ్మంలోంచి పిలిచాడు ఆయన, “వీధంతా ఉంది, మీ ఇంటికే పోస్టరు లేదేంటమ్మా? రేపు మంత్రిగారి కారు ఇటే వస్తుందట. బాగోదు.”

“అంటిస్తాం బాబాయ్.”

సంచీ ఆయన ఒక పోస్టర్ల చుట్ట ఇచ్చి వెళ్లిన మాట నిజమే. అది తన భర్త ఎక్కడ పెట్టాడో. కౌంటరు కింద లేదు. తెర వెనక లేదు. చివరికి డార్క్ రూములో, రసాయనాల సీసాల వెనక దొరికింది. అక్కడ పెట్టాల్సిన అవసరం ఏముందో అర్థం కాలేదు ఆమెకు.

ఫొటోలు దిద్దే తన టచింగు బల్ల మీద పోస్టరు పరిచి, నాలుగు మూలలా నాలుగు సీసాలు పెట్టింది. ఈ మూడు రోజులూ దూరం నుంచే చూసింది, దగ్గరికెళితే తట్టుకోలేనని. ఇప్పుడు తప్పలేదు. మరిది ముఖం బల్లంత ఉంది. పెళ్లై ఈ ఇంటికొచ్చేసరికి వాడికి పదకొండేళ్లు. వదినా వదినా అంటూ కొంగు పట్టుకుని తిరిగినవాడు.  బల్ల మీద తల వాల్చి బావురుమంది.

ఏడ్చి ఏడ్చి తలెత్తి కళ్లు తుడుచుకునేసరికి, ఎడమ కనుబొమ్మ సరిగ్గా ముక్కు ముందే ఉంది. నిండుగా, నల్లగా, ఒక్క ఖాళీ లేకుండా ఉంది.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

చిన్నోడి ఎడమ కనుబొమ్మ నిండుగా ఉండదు. ఏడో ఏట తలుపు గడియ తగిలి మధ్యలో తెగింది. ఆ తెగిన చోట మళ్లీ వెంట్రుక మొలవలేదు. వేలి మందాన చీలిక అలాగే ఉండిపోయింది.

పక్కన పెట్టిన భూతద్దం అందుకుంది. పదిహేడేళ్లుగా ఈ బల్ల దగ్గర చేస్తున్న పని అదే. నెగటివు మీద బ్లేడు మొనతో వెంట్రుకంత సన్నగా గీకితే, ప్రింటులో అక్కడ నల్లగీత వస్తుంది. ఊళ్లో సగం మందికి కనుబొమ్మలు, మీసాలు, నెత్తిన జుట్టు ఆమె బ్లేడు పెట్టిన భిక్షే. కనుబొమ్మలో మొదటి గీత, రెండో గీత, మూడోది. అన్నీ పైకి తిరిగి ఉన్నాయి. అయిదోది మాత్రం అడ్డంగా కిందికి దిగింది.

ఆ అయిదో గీత ఆమెకు బాగా గుర్తుంది. నాలుగేళ్ల కిందట ఆ గీత గీకుతుంటే పై నుంచి అత్తగారు పాలు పొంగుతున్నాయని కేకేసింది. చెయ్యి జారింది. నెగటివు మీద ఒకసారి గీకింది మళ్లీ పూడదు. పోనీలే, ఎవరు చూస్తారు అనుకుంది. ఇప్పుడు అది పోస్టరులో అగ్గిపుల్లంత పొడుగుంది.

ఇది గుట్ట మీద తోటి సిపాయి తీసిన ఫొటో కాదు. పేపర్లన్నీ రాసినట్టు ‘ఆఖరి సాయంత్రపు చిత్రం’ కాదు. ఇదే స్టూడియోలో, ఇదే దీపాల కింద, అందరికీ తొడిగే ఆ ఒకే ఒక్క నల్లకోటు వాడికీ తొడిగి, షోకేసులో పెట్టడానికి తీసిన ఫొటో. కోటు మీద యూనిఫాం రంగు వేశారు, అంతే. చీలిక పూడ్చమన్నది అత్తగారే. వీధినపోయే వాళ్లందరికీ మావాడి గాయం చూపించాలా అంది. దాని ఇంకో ప్రింటే ఫ్రేము కట్టి పైగదిలో తగిలించారు. నాలుగేళ్లుగా దాన్ని చూసీ చూసీ, వాడి అసలు కనుబొమ్మ ఎలా ఉంటుందో కన్నతల్లే మరిచిపోయింది. ఊరి సంగతి సరే, ఇంట్లో వాళ్లమే మోసపోయామే అనుకుంది కోడలు.

లేచి నెగటివుల పెట్టె తీసింది. చిన్నోడి కవరు ఉంది. లోపల ఏమీ లేదు.

* * *

“నెగటివు ఏది?”

భర్త కెమెరా లెన్సు తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“మిమ్మల్నే. చిన్నోడి నెగటివు ఏదండీ?”

“ఉండాలి లోపల.”

“లేదు. పోస్టరులో ఉంది. నా చెయ్యి నాకు తెలీదా? అయిదో వెంట్రుకతో సహా ఉంది.”

అతను లెన్సు బల్ల మీద పెట్టాడు.  బయట బడిపిల్లలు వెళుతున్నట్టున్నారు, ‘లెఫ్ట్ రైట్’ దగ్గరకొచ్చి దూరమైంది.

“నేనే ఇచ్చా,” అన్నాడు.

“ఎప్పుడు?”

“రెండు నెలలైంది. ఆ సంచీ ఆయన షోకేసు ముందు ఆగి చూశాడు. ముఖం బాగుంది, సైన్యంలో చేరండి అని పోస్టరు వేస్తాం, ఇస్తారా అన్నాడు. శాఖ వాళ్ల ఫొటోల పనంతా మనకే ఇప్పిస్తానన్నాడు. మనవాడు సైన్యంలోనే ఉన్నాడని నేనే గొప్పగా చెప్పా. పేరు, నంబరు, వాడుండే సామాన్ల డిపో, అన్నీ రాసిచ్చా.” అతను లెన్సు గుడ్డను ఉండ చుట్టాడు. “నేను రాసిచ్చాననే వాణ్ణి ఏరుకుని గుట్ట మీదికి పంపారు. కొత్త బూట్లు, దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ డిపోలో హాయిగా ఉన్నవాణ్ణి నేనే పంపించా. అమ్మకి ఏమని చెప్పను?”

మూడు రోజుల ఏడుపు అప్పుడొచ్చింది అతనికి. స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

మామూలుగా అయితే కోడలు ఈ మాటకు ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఆమె ఏడ్చే మనిషిని వినడం లేదు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటోంది.

“ఆగండి. గుట్ట మీద గొడవ ఎప్పుడు జరిగింది?”

“మంగళవారం అంటున్నారుగా.”

“ఫొటో తీసుకెళ్లింది రెండు నెలల కిందట. గురువారానికి దేశమంతా పోస్టర్లు. మంగళవారం జరిగితే గురువారానికి రంగులు వేసి, అచ్చు కొట్టి, ఊరూరా అంటించేస్తారా? మనం ఒక గ్రూపు ఫొటో ఇవ్వాలంటే వారం పడుతుంది.”

అతను ముఖం మీంచి చేతులు తీశాడు.

“పోస్టరు ముందే తయారైపోయింది,” అంది ఆమె. “బొమ్మ చేతికొచ్చాక వాళ్లకిక మనిషితో పనేముందండీ? వాణ్ణి గుట్ట దాకా మోసుకెళ్లడం ఎందుకు?”

“అంటే...”

“అంటే ఆఖరి ఉత్తరంలో ఎక్కడున్నాడో అక్కడే ఉండి ఉంటాడు. డిపోలో. గుట్ట మీద ఫోను లేదు గానీ, డిపోలో ఉంటుందిగా.”

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఆశ పడడానికి కూడా భయమేసింది. ఆ తర్వాత మెట్ల మీద ఎవరు ముందు పరిగెత్తారో వాళ్లకే తెలియదు.

* * *

అత్తగారు అంతా విన్నది. పెద్దకొడుకు చేసిన పని దగ్గరికొచ్చేసరికి ఒకసారి కళ్లెత్తి చూసింది. “నీ సంగతి తర్వాత,” అంది. లేచి కొంగు దోపుకుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి మెట్లు దిగింది.

టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్లు పనిచేసిన మనిషి. స్టూడియో కుర్చీలో కూర్చుని రిసీవరు చెవికి ఆనించగానే ఆమె వెన్ను నిటారైంది.

“సూపర్వైజరునివ్వు. నేను పాత సీనియరునని చెప్పు.”

ఒకప్పుడు ఆవిడ కిందే పని నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు అక్కడ సూపర్వైజరు. డిపో పేరు చెప్పగానే అవతల గొంతు తగ్గింది. రిసీవరు చెవికి కాస్త ఎడంగా పట్టుకుంది అత్తగారు, కొడుకూ కోడలూ వినడానికి.

“అక్కయ్యా, కుటుంబాల ఫోన్లు డిపోలకు కలపొద్దని గురువారం నుంచి ఉత్తర్వుంది.”

“కుటుంబం ఫోనని నీతో ఎవరన్నారు? లైను పరీక్ష. లైను పరీక్ష చెయ్యొద్దని ఉత్తర్వుందా?”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

“లేదక్కయ్యా.”

“కలుపు మరి.”

లైను పరీక్షంటే ఒక పద్ధతుంది. అవతలి మనిషి ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టాలి. గొంతు ఎక్కడ తెగుతోందో ఇటునుంచి వినాలి. ఎంత పెద్ద ఆఫీసైనా, ఎంత పెద్ద ఆఫీసరైనా ఎక్స్ఛేంజి లెక్కపెట్టమంటే లెక్కపెట్టాల్సిందే.

డిపో గుమాస్తా ఎత్తాడు. విసుక్కుంటూనే పది దాకా లెక్కపెట్టాడు.

“మీ గొంతు తెగుతోంది,” అంది అత్తగారు, పని చేసిన రోజుల నాటి గొంతుతో. “స్టోర్సులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలవండి. వేర్వేరు గొంతులు కావాలి.”

“ఇప్పుడా?”

“రేపు మంత్రిగారు ఫోను చేసినప్పుడు తెగితే మీరు చెప్పుకుంటారా?”

గుమాస్తా లోపలికి కేకేశాడు. ఎవడో వచ్చి గబగబా లెక్కపెట్టి పోయాడు. ఆ గొంతు కాదు. రెండోవాడు అయిదు తర్వాత ఏడన్నాడు. వాడూ కాదు. కోడలు భర్త మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగుతున్నాయని ఆమెకూ తెలియలేదు, అతనూ చెప్పలేదు. మూడో గొంతు ముసలిది. తర్వాత ఎవరూ రాలేదు. అంతేనా అని అత్తగారు అడగబోతుండగా దూరంగా అడుగుల చప్పుడైంది.

“ఒకటి... రెండు... మూడు...”

నోటినిండా ఏదో కుక్కుకుని మాట్లాడుతున్నట్టుంది గొంతు. అయినా మూడు దగ్గరికొచ్చేసరికి కోడలికి తెలిసిపోయింది. భర్త కౌంటరు పట్టుకున్నాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. నాలుగు, అయిదు, ఆరు, అన్నీ విన్నది. పది దాకా విన్నది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

“ఇంకోసారి లెక్కపెట్టు,” అంది.

 తర్వాత చాలా నెమ్మదిగా, “అమ్మా?” అన్నాడు.

“నోట్లో ఏం పెట్టుకున్నావురా?”

“ఏం లేదమ్మా. గవదబిళ్లలు. రెండు వైపులా. నిన్నటిదాకా పదిహేను రోజులు ఒక గదిలో పడేశారు. అందరికీ అంటుకుంటుందని ఉత్తరం కూడా రాయనివ్వలేదు. నువ్వేంటి లైన్లో? మళ్లీ ఉద్యోగంలో చేరావా?”

అత్తగారు నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. “గుట్ట మీదికి వెళ్లలేదా నువ్వు?”

“ఈ ముఖంతోనా? గది దాటితే కదా.”

“మరి ఊరంతా నీ పోస్టర్లేంట్రా?”

“ఇక్కడ కూడా వేశారమ్మా. నిన్న మా పైఆయన నన్ను దాని ముందు నిలబెట్టి, మగాడంటే అలా ఉండాలిరా అని చివాట్లు పెట్టాడు. అది నేనేనండీ అన్నాను. వెళ్లి అద్దం చూసుకో అన్నాడు.”

పెద్దకొడుకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, ముక్కు చీదుకుంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. దేశమంతా గడ్డం ఎత్తుకుని చూస్తున్న ముఖం అక్కడెక్కడో బూరెలా ఉబ్బి కూర్చుందంటే కోడలికీ ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. భగవంతుడా, నీకు వెయ్యి దండాలు అనుకుంది. ఆమె దండం పెట్టుకుని ఎన్నేళ్లయిందో.

అవతల గొంతు మారింది.

“అమ్మా, వెళ్లాల్సింది నేనే. జాబితాలో నా పేరే ఉంది. జ్వరం చూసి ఆపేశారు. నా బదులు పక్కమంచం వాణ్ణి పంపారు. మన ఊరివాడేనమ్మా. ఇక్కడెవరూ ఏమీ చెప్పడం లేదు. వాడి సంగతి పేపర్లో ఏమన్నా...”

లైను పరీక్షకిచ్చే సమయం అయిపోయింది. లైను తెగింది.

ఆ ఆఖరి మాటలు వచ్చేసరికి రిసీవరు అత్తగారి చెవికి అంటుకుని ఉంది. నవ్వుతున్న వాళ్లిద్దరికీ వినపడలేదు. ఆమె రిసీవరు దాని చోట పెట్టి కాసేపు దాని వంకే చూసింది.

“ఆకలేస్తోందమ్మాయ్,” అంది తర్వాత.

* * *

సంచీ ఆయన నాలుగింటికి వచ్చాడు, కాగితం ఒకసారి చదివించి చూద్దామని. వచ్చేసరికి ముగ్గురూ కింద స్టూడియోలోనే కూర్చుని భోజనం చేస్తున్నారు. పెద్దకొడుకు తల్లి కంచంలో తన చేత్తో వడ్డిస్తున్నాడు. అందాకా పడాల్సిన తిట్లన్నీ పడ్డాడు కాబట్టి ముఖం తేటగా ఉంది.

కోడలే చెప్పింది. కనుబొమ్మ, లైను పరీక్ష, గవదబిళ్లలు, ఏదీ వదలకుండా చెప్పింది. ఇక ఆయన ఎగిరిపడతాడు, స్టూడియో మూయిస్తానంటాడు అనుకుంది. ఆయన భుజాన ఉన్న సంచీ తీసి నేల మీద పెట్టాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నిజంగా బతికే ఉన్నాడా?”

“ఇప్పుడే మాట్లాడాం.”

“అమ్మయ్య.” జేబురుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు. “నేనూ పోయాడనే అనుకున్నానండీ. మూడు రోజులుగా ఈ మెట్లెక్కాలంటే కాళ్లు రాలేదు.”

“అడగలేదా మీరు?” అంది అత్తగారు.

“మాకు అడిగే అలవాటు లేదమ్మా. పోస్టరు ఎప్పుడో తయారుగా ఉంది. గుట్ట సంగతి తర్వాత దొరికింది. దాన్ని దీనికి అతికించమన్నారు, అతికించాను.” కొంచెం తేరుకున్నాక ఆయన కళ్లలో వెలుగొచ్చింది. “అయినా ఇది ఇంకా మంచిదేనమ్మా. బతికున్న వీరుడు. రేపు సభలో ప్రకటిద్దాం. జనం లేచి నిలబడతారు. ముఖం వాపు తగ్గాక అబ్బాయిని కూడా...”

“వీరుడు కాదు వాడు. గవదబిళ్లలొచ్చి పడుకున్నాడు.”

“అది మనకు తెలుసమ్మా. జనానికి తెలియక్కర్లేదుగా.”

పెద్దకొడుకు గిన్నె కింద పెట్టాడు. కోడలు అతని వంక చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. అది చూసి ఆమెకు మనసులో ఉన్న బరువంతా దిగినట్టైంది.

అత్తగారు చెయ్యి కడుక్కొచ్చి సంచీ ఆయన ఎదురుగా కూర్చుంది.

“మావాడి బదులు ఇంకొకడు వెళ్లాడట. ఈ ఊరివాడేనట. ఆ పిల్లాడి సంగతేంటి?”

 ఆయన సంచీ ఒళ్లోకి తీసుకుని, లోపలి అరలోంచి ఇంకా విప్పని కవరు తీసి, చించి, పోయినవాళ్ల జాబితా బయటికి లాగాడు. వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చి ఈ ఊరి పేరున్న చోట ఆపాడు. వేలు అక్కడే ఉంచి తలొంచుకున్నాడు. ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

“వాళ్ల వాళ్లకి చెప్పారా?”

“పోయినవాళ్ల పేర్లు సభ అయ్యేదాకా బయటపెట్టొద్దన్నారమ్మా. ఉత్సాహం చల్లారిపోతుందని.”

“ఎవరున్నారు వాడికి?”

“తల్లి ఒక్కతే. బట్టల మిల్లులో పనిచేస్తుంది.” ఆయన జాబితా మడత పెట్టాడు. “రేపటి సభకు మిల్లు వాళ్లను బస్సుల్లో తెస్తున్నాం. ఆ జాబితా కూడా నేనే రాశాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లలో ఆవిడ పేరుంది. రాసేటప్పుడు నాకు తెలీదమ్మా.”

 ఎదుటి షాపులో కత్తెర చప్పుడు స్పష్టంగా వినిపించింది.

“మిల్లు ఎన్నింటికి వదుల్తారు?” అంది అత్తగారు.

“అమ్మగారూ, నా ఉద్యోగం పోతుంది.”

“మిమ్మల్ని రమ్మనలేదు. ఎన్నింటికి వదుల్తారో చెప్పమన్నాను.”

ఆయన గోడ గడియారం వంక చూశాడు.

“అయిదింటికి. వెనక గేటు నుంచి వస్తారు.”

* * *

మిల్లు వెనక గేటు దగ్గర అత్తాకోడళ్లు ఇద్దరే నిలబడ్డారు. భర్త వస్తానన్నాడు, అత్తగారు వద్దంది. ఏం చెప్పాలో దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అత్తగారి చెయ్యి చల్లగా ఉంది. కోడలు ఆ చెయ్యి వదల్లేదు.

కూత వేసింది. గేటు తెరిచారు. జుట్టులో, భుజాల మీద దూది నూగుతో ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వస్తున్నారు. అత్తగారు ఒకామెను ఆపి, కొడుకు సైన్యంలో ఉన్నావిడ ఎవరని అడిగింది. ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. “అక్కా, నీ కోసం ఎవరో వచ్చారు.”

గుంపులోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకావిడ చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. అత్తగారి ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది. పేపర్లో వేసిన వీరమాత ఫొటో గుర్తొచ్చినట్టుంది. గబగబా దగ్గరకొచ్చి, అత్తగారి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“మీరు ఆ అబ్బాయి వాళ్లమ్మగారు కదూ,” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీవాడి గురించి ఏమన్నా తెలిసిందా తల్లీ? మూడు రోజుల నుంచి మీకోసమే దండం పెట్టుకుంటున్నాను. మావాడు డిపోలోనే ఉన్నాడు, ఆ గుట్ట మీదికి వెళ్లలేదు, పాపిష్టిదాన్ని నేను, నా ప్రాణం హాయిగా ఉంది. మీ కడుపుకోత తలుచుకుంటేనే ముద్ద దిగడం లేదు.”